చేతి వెనకాల నడిచిన బాణం

మౌస్ కదిలిస్తే తెర మీద బాణం కదులుతుంది. ఈ రెండు కదలికల మధ్య ఏం జరుగుతుందో చూసుకోవడమే ఇరవై రెండేళ్ల పాటు నా ఉద్యోగం. బెంగళూరులో మౌస్‌లు తయారుచేసే ఒక కంపెనీలో డ్రైవర్లు రాసేవాణ్ణి. డ్రైవర్ అంటే మౌస్ చెప్పేది విని కంప్యూటర్‌కు చేరవేసే చిన్న ప్రోగ్రాం. అంతకుముందు ఏడేళ్లు అనంతపురంలో ఒక దినపత్రికలో సబ్ ఎడిటర్‌ని. అక్కడ ఉండగానే కంప్యూటర్ కోర్సు చదివి ఇటు మారాను. ఇప్పుడు రిటైరై కదిరిలో ఉంటున్నాను.

ఈ మధ్య ఇంజనీరింగ్ పూర్తిచేసిన పిల్లలు కొందరు ఇంటికి వస్తున్నారు. ఇదే పనిలో చేరబోతున్నాం, మీ అనుభవం చెప్పండి అంటారు. నిజానికి వాళ్లకు కావలసింది ఇంటర్వ్యూలో ఏం అడుగుతారో, ఎన్నేళ్లకు మేనేజర్ కావచ్చో. మొదటిది నేను మరిచిపోయాను. రెండో దాని గురించి చెప్పేది ఏమీ లేదు. మేనేజర్లను నేను చాలా దగ్గరగా చూశాను. అందుకని అడగనిది రాస్తున్నాను.

సగటు వాన

ముందు పత్రిక సంగతి. మౌస్ గురించి నాకు తెలిసిన దాంట్లో సగం అక్కడ నేర్చుకున్నదే. అప్పటికి మౌస్ పట్టుకోవడం కూడా సరిగా రాదు, అది వేరే మాట.

చేరిన రెండో ఏడు కుందుర్పి వైపు వానలు ఎలా ఉన్నాయో రాయమన్నారు. మండల ఆఫీసుకు ఫోన్ చేశాను. గుమాస్తా లెక్క చదివి వినిపించాడు. ఆ నెలలో కురవాల్సినంత కురిసింది. 'కుందుర్పిలో సాధారణ వర్షపాతం, రైతుల్లో ఆనందం' అని హెడ్డింగ్ పెట్టి పంపేశాను. ఆనందాన్ని నేను చూడలేదు. హెడ్డింగ్‌లో చోటు మిగిలింది కాబట్టి కలిపాను.

మూడో రోజు కుందుర్పి నుంచి ఒక రైతు బస్సెక్కి ఆఫీసుకు వచ్చాడు. మడతపెట్టిన మా పేపరును డెస్క్ ఇన్‌చార్జి నాగన్న సార్ ముందు పరిచాడు.

"ఈ ఆనందం యాడ చూసినారప్పా మీవాళ్లు? నెల వానంతా ఒక్క పొద్దులో కురిసె. ఇత్తనాలన్నీ కొట్టుకోని వంకలోకి పాయె. ఆ పొద్దు నుంచి చుక్క లేదు."

నాగన్న సార్ నన్ను పిలిచాడు. నెల సగటు చూస్తే బాగానే కురిసింది సార్ అన్నాను.

"సగటు వానకు శనక్కాయ మొలస్తాదా? పోయి చూసినావా నువ్వు?"

"లేదు సార్. గుమాస్తాతో మాట్లాడినాను."

"గుమాస్తా ఏం పంట ఏసినాడు?"

ఆ రైతు కూడా నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

మరుసటి రోజు సవరణ వేశాం. ఇందులో నాగన్న సార్‌కు ఒక పట్టుదల ఉండేది. మిగతా పత్రికల వాళ్లు సవరణను ఆరో పేజీ అడుగున, టెండర్ ప్రకటనల పక్కన, చీమ తలకాయంత అక్షరాల్లో వేసేవాళ్లు. ఈయన మాత్రం తప్పు ఏ పేజీలో ఏ చోట పడిందో సవరణ కూడా అక్కడే, అంతే పెద్ద అక్షరాల్లో పడాలనేవాడు. "నడి బజార్లో తిట్టి, ఇంటికి పోయి చెవిలో తప్పైపోయిందని చెప్తే, ఆ మనిషికి ఏమొచ్చెరా?" అని అడిగేవాడు. దీనికి యాజమాన్యం దగ్గర ఆయనకు మంచి పేరేమీ రాలేదు.

నునుపు వెనక ఉన్న సంగతి

ఇక పని. మనిషి చేయి ఎప్పుడూ కొంచెం వణుకుతూనే ఉంటుంది. మౌస్ అడుగున ఉన్న సెన్సర్ కూడా అప్పుడప్పుడూ తప్పు చదువుతుంది. సెకనుకు నూరుసార్లకు పైగా అది 'ఇటు ఇంత జరిగాను, అటు ఇంత జరిగాను' అని చెబుతుంటుంది. చెప్పింది చెప్పినట్టు చూపిస్తే బాణం అదురుతుంది. అందుకని గడిచిన నాలుగైదు కదలికలు కలిపి, సగటు తీసి, ఆ సగటును చూపిస్తాం. వణుకు పోతుంది. గీత నున్నగా వస్తుంది. చూసినవాళ్లు మెచ్చుకుంటారు.

సగటులో కలిపినవన్నీ అయిపోయిన కదలికలు. కాబట్టి బాణం మీ చేయి ఉన్నచోట ఉండదు, కాసేపటి కిందట ఉన్నచోట ఉంటుంది. చేయి మూల దాకా పోయి మలుపు తిరిగితే, బాణం మూల దాకా పోకుండా అడ్డదారిన కోసుకుని పోతుంది. చేయి ఆగాక కూడా ఇంకొంచెం నడుస్తుంది. నునుపు ఎంత పెంచితే వార్త అంత పాతబడుతుంది. నిన్నటి పేపరును ఎంత శుభ్రంగా అచ్చువేసినా అది నిన్నటిదే.

ఈ ఆలస్యం చాలా చిన్నది, సెకనులో ఏ ఇరవయ్యో వంతో. కన్ను దాన్ని పట్టుకోలేదు. చేయి పట్టుకుంటుంది కానీ చెప్పలేదు. యంత్రం బాగా నెమ్మదిగా ఉంటే జనం యంత్రాన్ని తిడతారు. కొంచెమే నెమ్మదిగా ఉంటే తమను తాము తిట్టుకుంటారు. ఇరవై రెండేళ్లలో నాకు తెలిసిన నిజం ఇదొక్కటే. మా పరిశ్రమ బతుకుతున్నది కూడా దీని మీదే.

దీనికి ఎదురు కొసన ఇంకో జాతి ఉంది. ఆటలాడే కుర్రాళ్ల కోసం డబ్బా మీద పెద్ద పెద్ద అంకెలు అచ్చువేసి, నునుపే లేదు, అంతా వేగమే అని అమ్ముకునేవాళ్లు. ఆ మౌస్‌తో ఒక పేరు కింద గీత గీయమంటే గీత జ్వరం వచ్చినట్టు వస్తుంది. వీళ్లూ వాళ్లూ ఒకరినొకరు వెక్కిరించుకుంటారు. మౌస్‌ను జనం ఏ బల్ల మీద పెడతారో పోయి చూసినవాడు ఇద్దరిలోనూ లేడు.

మూడు సున్నాలు

మా మేనేజర్ పేరు శ్రీధర్. తెలివైనవాడని అందరూ అనేవాళ్లు. ఆయన కూడా అనేవాడు. కొత్త డ్రైవర్ తయారైతే ఆయన పరీక్షించే పద్ధతి ఇది. మీటింగ్ గదిలో కంపెనీ బొమ్మ ఉన్న మెత్తటి ప్యాడ్ మీద మౌస్ పెట్టి గుండ్రంగా తిప్పేవాడు. తెర మీద మూడు పెద్ద సున్నాలు చుట్టేవాడు. నున్నగా వస్తే "నెయ్యి" అనేవాడు. రాకపోతే మేం మళ్లీ రాయాలి. పన్నెండేళ్లు ఆయన కింద పనిచేశాను. ఒక చిన్న చుక్కను గురిచూసి నొక్కడం గానీ, ఉన్న గీత మీద ఇంకో గీత గీయడం గానీ ఒక్కసారి చూడలేదు. చేరాల్సిన చోటంటూ లేనివాడికి ఆలస్యం ఎలా తెలుస్తుంది?

ఒకసారి డీలర్ల నుంచి ఫిర్యాదులు వచ్చాయి. బాణం అదురుతోందట. చూస్తే అన్నీ ఒక్క వైపు నుంచే, తాడిపత్రి చుట్టుపక్కల నుంచే వచ్చాయి. పత్రికలో అయితే ఆ ఒక్క చోటే ఎందుకు అని అడిగి ఉండేవాణ్ణి. మీటింగ్‌లో ఒకాయన, ఆ వైపు ఎండలకు మనుషుల చేతులే వణుకుతాయేమో అన్నాడు. అందరూ నవ్వారు. ఆ ఎండల్లో పుట్టిన నేను కూడా నవ్వాను.

శ్రీధర్ నునుపు పెంచమన్నాడు. నాలుగు కదలికల సగటును పదహారు కదలికల సగటు చేశాను. ఫైలులో ఒక్క అంకె మార్చడమే. ఆయన మూడు సున్నాలు చుట్టి "నెయ్యి" అన్నాడు. డ్రైవర్ అన్ని ఊళ్లకూ పోయింది. ఫిర్యాదులు ఆగిపోయాయి. నన్ను మెచ్చుకుంటూ అందరికీ మెయిల్ వచ్చింది. అది ప్రింట్ తీసి దాచుకున్నాను కూడా.

"ఈయప్ప ఎవురు?"

ఆ మరుసటి ఏడు నాయన పోయాడు. చేను గట్టున సమాధి మీద ఆయన ముఖం చెక్కిన నల్లరాయి పెట్టాలని మా అన్న తాడిపత్రిలో ఓబులేసు అనే ఆయన దుకాణంలో ఫోటో ఇచ్చి వచ్చాడు. రాయి తయారైందని ఫోన్ వస్తే ఇద్దరం పోయాం.

అన్న రాతిని కాసేపు చూశాడు. "ఈయప్ప ఎవురు?" అన్నాడు.

నాయన బతుకంతా ఎండలో కళ్లు చికిలించి మబ్బు కోసం చూసిన మనిషి. కళ్ల కొసలు సూదుల్లా ఉండేవి. రాతి మీద ఉన్నాయన కళ్ల కొసలు గుండ్రంగా తిరిగిపోయాయి. పెదవుల మూలలు కూడా అంతే. కడుపు నిండా తిని ఫ్యాన్ కింద కూర్చున్నవాడి ముఖం.

ఓబులేసు దాచలేదు. "ఇంగోటి చేయిస్తానన్నా. మా రాయిది తప్పు లేదు. మొగాలు గీసేది మా మరియమ్మ. పన్నెండేండ్లుగా గీస్తాండాది, ఒక్క మాట రాలేదు. ఈ ఏడాదిగా చేయి పోయినాది. సోమారం నుంచి పాలిష్ షెడ్డుకు పంపిస్తాండా."

మరియమ్మ అదే గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. నలభై దాటిన మనిషి. ఆమె పని ఇది: ఫోటోను తెర మీద పెట్టి, ముఖంలో గీతలన్నీ మౌస్‌తో గీస్తుంది. ఆ గీతల ప్రకారం మిషన్ ఒక స్టిక్కర్ కోస్తుంది. దాన్ని రాతికి అతికించి, గాలి గొట్టంతో ఇసుక కొడితే కోసిన గీతల్లో ముఖం దిగుతుంది. ఈ కుర్చీకి రాకముందు ఆమె పాలిష్ షెడ్డులోనే పనిచేసిందట. రాతి పొడికి దగ్గు పట్టుకుని రక్తం పడితే, డాక్టరు షెడ్డు మానమన్నాడు. కంప్యూటర్ నేర్చుకుని ఇక్కడికి వచ్చింది. సోమవారం నుంచి మళ్లీ ఆ పొడిలోకి.

ఓబులేసుకు నా ఉద్యోగం సంగతి అన్న చెప్పాడు. ఆయన ముఖం వెలిగింది. "అట్లయితే మీరే చూసి చెప్పండి సార్. తప్పు మౌస్‌దా, ఈయమ్మ చేయిదా?"

మౌస్ మాదే. ఆమె వెనక నిలబడి తెర చూశాను. బాణం గీత దాటి పోతోంది, మళ్లీ వెనక్కి వస్తోంది. కంటి కొస దగ్గర గీత లోపలే తిరిగిపోతోంది. రెండు నిమిషాలు చూసి ఉంటానేమో.

"మౌస్ బాగానే ఉంది. చేయే నిలవడం లేదు," అన్నాను.

పలక మోసుకొచ్చిన మనిషి ఒకడు గుమ్మంలో నిలబడి విన్నాడు. టీ వచ్చేలోపు ఆ మాట షెడ్డు దాకా పోయింది.

మరియమ్మ లేచింది. బల్ల కింద నుంచి సుద్దముక్క తీసి, అన్న వద్దన్న రాతి దగ్గరికి పోయి, ఆ ముఖం పక్కన ఖాళీగా ఉన్న చోట నాయన కన్ను గీసింది. చేయి ఎత్తకుండా ఒకే గీత.

అన్న వంగి చూశాడు. "ఇది నాయన కన్నే," అన్నాడు.

"చేయి పోయినాదా సార్?" అని ఆమె నన్ను అడిగింది. మళ్లీ వచ్చి కూర్చుంది. "ఈతూరి తెర చూడొద్దు. నా చేయి చూడండి." మౌస్‌ను జరిపి ఆపింది. "నేను ఆగినా. అది ఆగినాదా? పనికి ఒళ్లొంగని కూలోని మాదిరి నా వెనకాల నడుస్తాండాది. నేను మూలదాకా పోతే అది అడ్డం కోసుకోని వస్తాది. ఏడాదిగా దాని కోసరం ఆగి ఆగి గీస్తాండా. నా చేతికి ఏమో అయినాదని నేనే అనుకుంటి."

పదహారు. లెక్క వేయకుండానే తెలిసింది.

అద్దం మీద మౌస్

తప్పు చేతిది కాదు, మా డ్రైవర్‌దని ఓబులేసుకు చెప్పాను. ఆ అంకె ఏ ఫైలులో ఉందో నాకు తెలుసు. పదహారును రెండు చేశాను. బాణం చేతితో పాటు ఆగింది. కానీ ఆగినచోట చీమలా అదురుతోంది.

"చూడండి సార్, వణుకు," అన్నాడు ఓబులేసు.

"ఇది పాత వణుకే కదన్నా," అంది మరియమ్మ. "దీనికే కదా అప్పుడు డీలరుకు చెప్పింది మనం."

అప్పుడు బల్ల చూశాను. ముఖం చూసుకోగలిగేంత పాలిష్ పెట్టిన నల్ల గ్రానైటు పలక. మౌస్ అడుగున ఉన్న సెన్సర్ తన కింద ఉన్న గరుకును చూసి ఎంత జరిగిందో లెక్కవేస్తుంది. అద్దంలో గరుకు ఎక్కడిది? తాడిపత్రిలో ప్రతి దుకాణంలోనూ ఇదే బల్ల. ఫిర్యాదులు ఆ ఒక్క చోటి నుంచే ఎందుకు వచ్చాయో తెలుసుకోవడానికి ఇంజనీరింగ్ చదవనక్కర లేదు, బస్సు టికెట్ చాలు. అరుగూ గడపా అన్నీ రాయే అయిన ఇంట్లో పెరిగిన నాకు అదీ అక్కర లేదు. మీటింగ్‌లో నవ్వకుండా ఒక్క క్షణం ఆలోచించి ఉంటే సరిపోయేది.

ఒక గుడ్డ గానీ అట్ట గానీ కింద పరుద్దామన్నాను. ఓబులేసు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు.

"గుడ్డా? ఈ బల్ల చూసే కదా సార్ గిరాకీ లోపలికొచ్చేది. దాని మీద గుడ్డ పరిస్తే పగులు దాస్తాండామనుకుంటారు. ఈ ఊర్లో ఎవురూ పరచరు."

నిజమే, ఏ దుకాణం బల్ల మీదా ఏదీ పరిచి లేదు. వాళ్ల సరుకు మీద వాళ్లే గుడ్డ కప్పరు.

మరియమ్మ లేచి, నమూనాలు పేర్చిన అరలోంచి జానెడు పలక ఒకటి తెచ్చింది. మెరుపు తీసేసిన రాయి. ముట్టుకుంటే తోలులా ఉంటుంది, లెదర్ ఫినిష్ అంటారు. "ఇది మన సరుకే కదన్నా. ఇట్ల పెడితే గిరాకీ దీన్నీ చూస్తారు," అని బల్ల మీద పెట్టి, దాని మీద మౌస్ పెట్టింది. అదురు లేదు, ఆలస్యం లేదు. నాయన కంటి కొస సూదిలా దిగింది.

ఓబులేసు తల గోక్కున్నాడు. "సరేలేమ్మా, కూర్చో. సోమారం మాట ఇడిసిపెట్టు."

ఆమె కూర్చోలేదు. "చేయి పోయినాదని ఈ సారు చెప్పినాడు. షెడ్డంతా పాకినాది ఆ మాట. రేపు ఇంగొక గీత తప్పొస్తే మళ్లా నా చెయ్యే అంటారు. చెప్పిన నోటితోనే కాదని చెప్పమను అన్నా."

"ఓబులేసన్నకు చెప్పినాను కదమ్మా," అన్నాను.

"అన్నకు కాదు సార్. షెడ్డులో చెప్పండి."

నాగన్న సార్ పోయి అప్పటికి చాలా ఏళ్లయింది. అయినా ఆయనే వెనక నిలబడి తోస్తున్నట్టు షెడ్డులోకి నడిచాను. మిషన్ ఆపించారు. తెల్లటి పొడిలో ఏడెనిమిది మంది పనివాళ్లు, కనుబొమలు కూడా తెల్లగా ఉన్నాయి.

"మరియమ్మ చేయి బాగుంది. తప్పు మౌస్‌ది," అన్నాను.

వెనక నుంచి ఎవరో అడిగారు. "మౌస్ దానంతట అదే చేసినాదా సార్?"

నేను తప్పించుకోబోయిన సందు అది. "లేదు. నెమ్మదిగా నడవమని దానికి చెప్పింది నేనే."

"ఎందుకు సార్ అట్ల చెప్పినారు?"

"గీత నున్నగా రావాలని."

అందరూ నవ్వారు. గుమ్మంలో నిలబడిన మరియమ్మ మాత్రం నవ్వలేదు. "నునుపు చేసేదానికి ఈడ షెడ్డు నిండా మనుషులుండారు సార్. గీతను మాకు వదిలేయండి," అని, పోయి తన కుర్చీలో కూర్చుంది.

ఆరో పేజీ అడుగున

బెంగళూరు పోయి జరిగింది చెప్పాను. శ్రీధర్ విన్నాడు. పదహారు తీసి రెండు పెట్టి సున్నాలు చుట్టాడు. ఆయనకు నెయ్యి కనిపించలేదు. "డెమోలో ఇది నిలవదు. కావాలంటే సెట్టింగ్స్‌లో పెట్టు," అన్నాడు. పెట్టాను. నాలుగు మెట్లు దిగి, 'అడ్వాన్స్‌డ్' అని రాసి ఉన్న చోట వెతికితే దొరుకుతుంది. తెరిచినవాళ్లు ఉన్నారని నేననుకోను. సెట్టింగ్స్ అనేది సగం సందర్భాల్లో, నిర్ణయం తీసుకునే ధైర్యం లేనివాడు దాన్ని వాడేవాళ్ల నెత్తిన పడేసే చోటు.

చేయవలసిన పని ఏమంత గొప్పది కాదు. చేయి నిదానంగా కదిలేటప్పుడు మనిషి ఏదో చిన్నదాన్ని గురిపెడుతున్నాడు. అప్పుడు కొంచెం నునుపు ఇవ్వాలి. చేయి వేగం అందుకుంటే నునుపు తీసేయాలి, వణుకు అప్పుడు ఎలాగూ కనిపించదు. చేయి ఆగిందంటే పాత కదలికలన్నీ ఆ క్షణమే పారేయాలి. ఇది రాయడానికి నాకు రెండు వారాలు పట్టింది. బయటికి రావడానికి మూడేళ్లు పట్టింది. శ్రీధర్ వేరే కంపెనీకి పోయేదాకా రాలేదు. ఆ తర్వాత నేను రాసిన ప్రతి డ్రైవర్‌నూ ఎవరి సున్నాల కంటే ముందు మరియమ్మ బల్ల మీద పెట్టి చూశాను. ఆమె మెచ్చుకున్నది తక్కువ. ఒకసారి మాత్రం, "ఇది నడుస్తాండాదని తెలీడంల్యా," అంది. దాచుకున్న ఆ మెయిల్ కాగితాన్ని చించేసింది ఆ రోజే.

ఆమె ఇప్పటికీ ఆ కుర్చీలోనే ఉంది. నాయన రాయి చేను గట్టున ఉంది. కళ్లు చికిలించి పడమటి వైపు చూస్తుంటాడు.

పిల్లలూ, మీకు పనికొచ్చేది ఇందులో ఒక్కటే. మీరు మార్చే అంకె అవతల ఒక చేయి ఉంటుంది. పోయి ఆ చేతిని చూడండి. తెర మీకు ఆఫీసులో కూడా కనిపిస్తుంది.

నాకు మిగిలిపోయినది ఒకటుంది. తాడిపత్రిలో సవరణ పడాల్సిన చోటే పడింది. కానీ ఆ పదహారు ఒక్క తాడిపత్రికే పోలేదు. నాలుగేళ్ల పాటు అది ఏయే ఊళ్లలో, ఎన్ని బల్లల మీద ఉందో నాకు తెలియదు. వాళ్ల కోసం మేం వేసిన సవరణ సెట్టింగ్స్‌లో, ఆరో పేజీ అడుగున పడి ఉంది. ఆ రోజుల్లో మా మౌస్ ముందు కూర్చుని, గీత తప్పినప్పుడల్లా చేతిని విదిలించుకుని చూసుకున్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, వాళ్లకు ఈ మాట.

మీ చేయి బాగుంది. తప్పు నాది.